ఆంటోనీ లెవోయిజర్

ఆంటోనీ లారెంట్ లెవోయిజర్ (1743 ఆగష్టు 26 - 1794 మే 8) ప్రఖ్యాత ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. ఆధునిక రసాయన శాస్త్ర పితామహుడని ఇతడికి పేరు. వస్తువులు మండటానికి, జంతువులు శ్వాసించటానికి గాలిలోని ఒకే వాయువు తోడ్పడుతుందని ప్రయోగపూర్వకంగా చూపాడు. శ్వాసక్రియ అంటే ఏమిటన్న ప్రశ్నకు కొలతలతో కూడిన సమాధానం వెతికిన తొలి శాస్త్రవేత్తలలో ఇతడు అగ్రగణ్యుడు. ఫ్రెంచి విప్లవ కాలంలో, పన్నులు వసూలు చేసే గుత్తదారులలో ఒకడైనందుకు యాభై ఏళ్ళ వయసులో మరణశిక్షకు గురయ్యాడు.

బాల్యం, విద్య

లెవోయిజర్ పారిస్ నగరంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. ఇతడికి ఐదేళ్ళ వయసులో తల్లి మరణించింది. మజారిన్ కళాశాలలో చదివి, తండ్రి కోరిక మేరకు న్యాయశాస్త్రంలో పట్టా పొందాడు. అయితే ఇతడి మనసు విజ్ఞాన శాస్త్రంపైనే ఉండేది. లకైల్ వద్ద ఖగోళ శాస్త్రం, గెటార్ వద్ద భూగర్భ శాస్త్రం, రూయెల్ వద్ద రసాయన శాస్త్రం అభ్యసించాడు. పట్టణ వీధులలో దీపాల ఏర్పాటుపై వ్రాసిన వ్యాసానికి 1766లో రాజు నుండి బంగారు పతకం లభించింది. 1768లో, ఇరవై ఐదేళ్ళైనా నిండకముందే, ఫ్రెంచి విజ్ఞాన శాస్త్ర అకాడమీ సభ్యుడయ్యాడు.

అదే సంవత్సరం, రాజు తరఫున పన్నులు వసూలు చేసే గుత్తదారుల సంస్థలో వాటా కొన్నాడు. ఉప్పు పన్ను, పొగాకు వ్యాపారం, పారిస్‌లోకి వచ్చే సరుకులపై సుంకం ఈ సంస్థ చేతిలో ఉండేవి. ఈ ఆదాయంలో చాలా భాగాన్ని ఇతడు ప్రయోగశాలకే వెచ్చించాడు. కాని ప్రజలు ఆ సంస్థను తీవ్రంగా ద్వేషించేవారు.

1771లో మరొక గుత్తదారు జాక్ పోల్జ్ కుమార్తె మేరీ యాన్‌ను వివాహమాడాడు. అప్పటికి ఆమె వయసు పదమూడేళ్ళు. తరువాత ఆమె భర్త పరిశోధనలలో ముఖ్య సహాయకురాలైంది. ఆంగ్లం నేర్చుకొని ఆ భాషలోని రసాయన గ్రంథాలను ఫ్రెంచిలోకి అనువదించింది. ప్రయోగ ఫలితాలను నమోదు చేసింది. భర్త గ్రంథానికి పరికరాల బొమ్మలు గీసింది.

దహనంపై పరిశోధనలు

ఆ కాలపు రసాయన శాస్త్రజ్ఞులు మండే ప్రతి వస్తువులోనూ ఫ్లోజిస్టన్ అనే పదార్థం ఉంటుందని, వస్తువు మండినప్పుడు అది బయటికి పోతుందని భావించేవారు. అదే నిజమైతే మండిన తరువాత వస్తువు బరువు తగ్గాలి. కాని గంధకం, భాస్వరం మండినప్పుడు బరువు పెరుగుతుందని 1772లో లెవోయిజర్ గమనించాడు. గాలిలోని భాగమేదో వాటితో కలుస్తున్నదని ఊహించాడు.

1774లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ ప్రీస్ట్లీ ఎర్రని పాదరస భస్మాన్ని వేడిచేసి, కొవ్వొత్తిని దేదీప్యమానంగా మండించే ఒక వాయువును సేకరించాడు. స్వీడన్ దేశస్థుడు షీలే అంతకు ముందే ఈ వాయువును తయారుచేసినా, అతడి గ్రంథం 1777లో గాని వెలువడలేదు. ప్రీస్ట్లీ అదే ఏడాది పారిస్ వచ్చినప్పుడు తన ప్రయోగాన్ని లెవోయిజర్‌కు వివరించాడు. వాయువును కనుగొన్న గౌరవం షీలే, ప్రీస్ట్లీలదే. అది గాలిలోని ఒక మూలకమని గ్రహించి, దహనాన్ని దాని ఆధారంగా వివరించిన ఘనత లెవోయిజర్‌ది.

ఇతడి ప్రసిద్ధ ప్రయోగంలో పాదరసాన్ని మూసిన పాత్రలో గాలి సమక్షంలో పన్నెండు రోజులపాటు వేడిచేశాడు. గాలి దాదాపు ఆరో వంతు తగ్గింది. పాదరసంపై ఎర్రని భస్మం ఏర్పడింది. మిగిలిన గాలిలో దీపం ఆరిపోయింది, జంతువులు బ్రతకలేదు. ఆ భస్మాన్ని విడిగా మరింత వేడిచేయగా, తగ్గినంత పరిమాణంలో వాయువు తిరిగి వెలువడింది. దానిని మిగిలిన గాలిలో కలిపితే మామూలు గాలి తయారైంది.

ఆమ్లాలన్నిటిలోనూ ఈ వాయువు ఉంటుందని భావించి, ఆమ్లాన్ని పుట్టించేది అనే అర్థం వచ్చే గ్రీకు మాటల నుండి దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. తెలుగులోని ఆమ్లజని అనే మాటకు కూడా అర్థం ఇదే. ఈ భావన తరువాత తప్పని తేలినా, పేరు మాత్రం నిలిచిపోయింది.

శ్వాసక్రియపై పరిశోధనలు

పీల్చిన గాలి గుండె వేడిని చల్లార్చుతుందని ప్రాచీనులు నమ్మేవారు. విడిచే గాలిలో సున్నపుతేటను తెల్లబరిచే వాయువు, అనగా నేటి కార్బన్ డై ఆక్సైడ్, ఉంటుందని స్కాట్లండుకు చెందిన జోసెఫ్ బ్లాక్ 1750ల దశకంలో చూపాడు. అయితే శరీరం లోపల ఏమి జరుగుతుందో తెలియలేదు.

లెవోయిజర్ ఒక పిచ్చుకను గాజు జాడీలో ఉంచి, అది మరణించిన తరువాత లోపలి గాలిని పరీక్షించాడు. అందులో దీపం ఆరిపోయింది, సున్నపుతేట తెల్లబడింది. కార్బన్ డై ఆక్సైడ్‌ను తొలగించగా మిగిలిన గాలి, పాదరస ప్రయోగంలో మిగిలిన గాలిని పోలి ఉంది. దానికి ఆక్సిజన్ చేర్చితే మళ్ళీ శ్వాసకు పనికివచ్చింది. శ్వాసలోనూ దహనంలోనూ ఖర్చయ్యేది ఆక్సిజనేనని 1777లో ప్రకటించాడు.

శ్వాస దహనం వంటిదైతే దాని నుండి వేడి కూడా పుట్టాలి. దీనిని పరీక్షించటానికి 1782-83 చలికాలంలో గణిత శాస్త్రజ్ఞుడు లాప్లాస్‌తో కలిసి మంచుతో పనిచేసే ఉష్ణమాపకాన్ని రూపొందించాడు. మంచుగడ్డల మధ్య ఉంచిన గినీ పంది పది గంటలలో సుమారు 13 ఔన్సుల మంచును కరిగించింది. అంత వ్యవధిలో అది విడిచే కార్బన్ డై ఆక్సైడ్ బొగ్గును మండించి వచ్చినదైతే, సుమారు పదిన్నర ఔన్సుల మంచు మాత్రమే కరగాలి. రెండు సంఖ్యలు సరిగ్గా సమానం కాకపోయినా దగ్గరగా ఉన్నాయి. జంతువు శరీరపు వేడికి కారణం మంట లేకుండా నెమ్మదిగా జరిగే దహనమేనని వారు నిర్ధారించారు. మిగిలిన తేడాకు, శరీరంలో హైడ్రోజన్ కూడా ఆక్సిజన్‌తో కలిసి నీరుగా మారటం కారణమని లెవోయిజర్ తరువాత వివరించాడు.

మనుషులపై ప్రయోగాలు

విప్లవం మొదలైన రోజులలో లెవోయిజర్ తన సహాయకుడు సెగ్విన్‌తో కలిసి మానవ శ్వాసక్రియను కొలిచాడు. సెగ్విన్ తానే ముఖానికి తొడుగు ధరించి ప్రయోగానికి కూర్చున్నాడు. మేరీ యాన్ గీసిన చిత్రాలలో ఆమె కూడా బల్ల వద్ద కూర్చుని ఫలితాలు వ్రాస్తూ కనిపిస్తుంది. నేటి కొలమానంలో, వారు గంటకు గమనించిన ఆక్సిజన్ వినియోగం సుమారుగా ఇలా ఉంది:

విశ్రాంతిగా, ఖాళీ కడుపుతో, వెచ్చని గదిలో - 24 లీటర్లు
విశ్రాంతిగా, ఖాళీ కడుపుతో, చల్లని గదిలో - 27 లీటర్లు
విశ్రాంతిగా, భోజనం తరువాత - 38 లీటర్లు
ఖాళీ కడుపుతో బరువు ఎత్తే పని చేస్తూ - 63 లీటర్లు
భోజనం తరువాత బరువు ఎత్తే పని చేస్తూ - 91 లీటర్లు

చలి, ఆహారం, శ్రమ శ్వాసక్రియను పెంచుతాయని దీనివలన తేలింది. లెవోయిజర్ ఇంకొక మాట కూడా గుర్తించాడు. కాయకష్టం చేసే మనిషి శరీరంలో ఎక్కువ పదార్థం ఖర్చవుతుంది కనుక అతడికి ఎక్కువ ఆహారం కావాలి. కాని సమాజంలో ఎక్కువ శ్రమించే పేదవాడికే తక్కువ తిండి దొరుకుతున్నది. ఈ అన్యాయాన్ని సరిదిద్దటానికి సామాజిక సంస్థలు తోడ్పడాలని తన పరిశోధనా పత్రంలో వ్రాశాడు.

ఇతర కృషి

1787లో గీటన్ డి మోర్వో, బెర్తొలే, ఫోర్‌క్రాయ్‌లతో కలిసి రసాయన పదార్థాలకు కొత్త నామకరణ పద్ధతిని ప్రతిపాదించాడు. 1789లో వెలువరించిన రసాయన శాస్త్ర ప్రాథమిక గ్రంథంలో 33 మూలకాల జాబితా ఇచ్చాడు. అందులో కాంతిని, ఉష్ణాన్ని కూడా మూలకాలుగా చేర్చాడు. రసాయన చర్యలో పదార్థం పుట్టదు, నశించదు అనే నియమాన్ని ఆ గ్రంథంలో స్పష్టంగా పేర్కొన్నాడు. తుపాకిమందు తయారీ పర్యవేక్షణలోను, మెట్రిక్ కొలతల రూపకల్పనలోను పాలుపంచుకున్నాడు.

మరణం

సుంకం ఎగవేతను అరికట్టటానికి గుత్తదారులు 1780లలో పారిస్ చుట్టూ గోడ కట్టించారు. నగరానికి గాలి ఆడకుండా చేశాడని విప్లవ నాయకుడు మరా 1791లో లెవోయిజర్‌ను నిందించాడు. గాలిని గురించి జీవితమంతా పరిశోధించిన వ్యక్తిపై వచ్చిన అభియోగం ఇది.

గుత్తదారుల సంస్థ 1791లో రద్దయింది. 1793 నవంబరులో పూర్వపు గుత్తదారులను నిర్బంధించమని ఉత్తర్వు రాగా, లెవోయిజర్ స్వయంగా లొంగిపోయాడు. పొగాకులో నీరు కలిపారన్నది వారిపై మోపిన నేరాలలో ఒకటి. 1794 మే 8న విచారణ జరిగి, అదే రోజు ఇతడితోపాటు మరో 27 మందికి గిలెటిన్‌పై శిరచ్ఛేదం జరిగింది. వారిలో ఇతడి మామ జాక్ పోల్జ్ కూడా ఉన్నాడు. శ్వాసక్రియపై పరిశోధనలు మధ్యలోనే ఆగిపోయాయి. మరుసటి సంవత్సరం ప్రభుత్వం జప్తు చేసిన ఆస్తిని భార్యకు తిరిగి ఇచ్చింది. భర్త చివరి పరిశోధనా పత్రాలను ఆమె గ్రంథంగా వెలువరించింది. 1836లో మరణించింది.

తరువాతి పరిణామాలు

దహనం ఊపిరితిత్తులలో జరుగుతుందని లెవోయిజర్ భావించాడు. అలాగైతే ఊపిరితిత్తులు మిగిలిన శరీరం కంటే చాలా వేడెక్కాలి కదా అని గణిత శాస్త్రజ్ఞుడు లగ్రాంజ్ సందేహించాడు. 1837లో జర్మనీకి చెందిన మాగ్నస్ రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డై ఆక్సైడ్ రెండూ ఉన్నాయని కొలిచి చూపాడు. ఊపిరితిత్తులు వాయువుల మార్పిడి జరిగే చోటు మాత్రమేనని, అసలు శ్వాసక్రియ శరీరంలోని ప్రతి సజీవ కణంలోనూ జరుగుతుందని 19వ శతాబ్దంలో స్థిరపడింది. 1937లో హాన్స్ క్రెబ్స్ ఈ చర్యలలోని ముఖ్యమైన వలయాన్ని కనుగొన్నాడు.

కణంలో గ్లూకోజ్ ఒక్కసారిగా మండదు. అనేక అంచెలుగా విడిపోతుంది. వెలువడే శక్తిలో కొంత ఏటీపీ అనే పదార్థంలో నిల్వ అవుతుంది, మిగిలినది వేడిగా మారుతుంది. ఆక్సిజన్‌ను గ్రహించే మార్గాలు మాత్రం జీవులలో వేరువేరుగా ఉంటాయి. అమీబా కణత్వచం ద్వారా, వానపాము తడి చర్మం ద్వారా, చేప మొప్పల ద్వారా, బొద్దింక వాయునాళాల ద్వారా గ్రహిస్తాయి. కప్ప చర్మాన్ని, ఊపిరితిత్తులను రెండింటినీ ఉపయోగించుకుంటుంది. మొక్కలు పత్రరంధ్రాలు, వేళ్ళ ద్వారా రాత్రింబగళ్ళు శ్వాసిస్తాయి. ఈస్టు వంటి జీవులు ఆక్సిజన్ లేకుండానే చక్కెరను విడగొట్టి కొద్దిపాటి శక్తిని పొందగలవు.

ఈఫిల్ టవరుపై చెక్కిన 72 మంది ప్రముఖుల పేర్లలో లెవోయిజర్ పేరు ఉంది. చిత్రకారుడు డేవిడ్ 1788లో గీసిన లెవోయిజర్ దంపతుల తైలవర్ణ చిత్రం న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.