ప్రథమ గగనయాత్రికుడు పిలాత్ర్ ద రోజియే

పురాణశ్రవణమున పుష్పకవిమానమును గూర్చి వినని వారు మన సిర్గాపూరున ఉండరు. ఐనను మానవుడు యథార్థముగ నేలను విడిచి స్వేచ్ఛగా ఆకాశమున పయనించినది 1783వ సంవత్సరమున, ఫ్రాన్సు దేశమున. ఆ సాహసికుడే పిలాత్ర్ ద రోజియే.

ఇతడు 1754 మార్చి 30వ తేదీన మెట్జ్ నగరమున ఒక పూటకూళ్ళయింటి యజమానికి జన్మించెను. రసాయనశాస్త్రమునందు మక్కువ గలవాడై పారిస్ చేరి, 1781లో ఒక విజ్ఞానమందిరమును నెలకొల్పి, చందాదారులకు ప్రయోగములు చూపుచు ఉపన్యసించుచుండెను. మన గ్రంథాలయమునకు అది దూరపు చుట్టమని నా తలంపు.

1783 జూనులో కాగితపు పరిశ్రమకు చెందిన మోన్‌గోల్ఫియే సోదరులు వేడిగాలి బెలూనును బహిరంగముగ ఎగురవేసిరి. వేడెక్కిన గాలి చుట్టునున్న చల్లగాలికంటె తేలికయగుటచే బెలూను పైకి లేచును. సెప్టెంబరు 19న వెర్సాయిలో 16వ లూయీ రాజు ఎదుట ఒక గొర్రె, ఒక బాతు, ఒక కోడిపుంజు ఆకాశమునకెగసి ప్రాణములతో దిగినవి. పిమ్మట మనుష్యుల వంతు వచ్చెను. మరణశిక్ష పడిన ఖైదీలను పంపుదమని రాజు తలచెను. పోయినను నష్టము లేని ప్రాణములని ఆయన లెక్క కాబోలు! లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నాకును అది తప్పులెక్కగనే తోచుచున్నది. ఇంతటి కీర్తి నేరస్థులకు దక్కరాదని పిలాత్ర్ పట్టుబట్టెను. మార్క్వీ దార్లాంద్ అను ప్రభువు రాజును ఒప్పించి, తానును తోడుగా బయలుదేరెను.

నవంబరు 21న వారిరువురు గడ్డిని, ఉన్నిని మండించుచు పారిస్ మీదుగా సుమారు 25 నిమిషములు పయనించిరి. నిప్పురవ్వలు పడి బట్టకు చిల్లులు పడగా, తడి స్పంజితో ఆర్పుకొనుచు క్షేమముగ దిగిరి. మన హైదరాబాదున టాటా పరిశోధనసంస్థవారి కేంద్రమునుండి ఎగసిన మహాబెలూనులు పరికరములను మాత్రమే మోసినవి; వీరు తమ ప్రాణములనే పణమొడ్డిరి.

తదుపరి పిలాత్ర్ ఇంగ్లీషు కాలువను దాటదలచెను. 1785 జనవరిలో బ్లాంషార్ అనునతడు ఇంగ్లండు వైపునుండి ముందుగనే దాటివేసెను. ఫ్రాన్సు తీరమునుండి ఎదురుగాలి. రాజధనము వెచ్చించిన పని గనుక వెనుదీయుటకును వీలు లేదు. పిలాత్ర్ నెలల తరబడి బులోన్ రేవున అనుకూలమగు గాలికై వేచియుండెను. అతని బెలూనున పైన హైడ్రొజను, క్రింద వేడిగాలి. సులభముగ అంటుకొను వాయువు క్రింద నిప్పు!

జూన్ 15న రోమేన్ అను సహచరునితో ఎగసెను. కొంతదూరము పోవునంతలో గాలి మరలి వారిని తీరమువైపునకే త్రోసెను. అంతలో బెలూను నాశనమై, ఇరువురు విమెరో గ్రామసమీపమున నేలగూలి మరణించిరి. అప్పటికి పిలాత్రునకు 31 ఏండ్లు.