మొక్కలకూ బదిలీలుంటాయి

పిల్లలూ! క్వార్టర్స్ ఖాళీ చేయడం, అట్టపెట్టెలు కట్టడం, కొత్త ఊళ్లో కొత్త బడిలో చేరడం మనకు అలవాటే. ఇప్పుడు చెప్పబోయే పెద్దాయన కూడా మనలాగే బదిలీ ఉద్యోగి. తెలుగునాట ఏళ్ల తరబడి పనిచేసి కలకత్తాకు వచ్చాడు. ఆయనే విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని పేరు తెచ్చుకున్నాడు.

ఆయన 1751లో స్కాట్లాండ్‌లో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం, వృక్షశాస్త్రం చదివాడు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసులో చేరాడు. 1781లో సామర్లకోటకు వచ్చాడు. అక్కడ తోట వేసి, దగ్గరి కొండల్లో దొరికిన అడవి మిరియాల తీగలను తెచ్చి నాటాడు. కాఫీ, దాల్చిన, మల్బరీ మొక్కలనూ పెంచాడు. 1787లో కోరంగి తీరాన్ని ముంచిన ఉప్పెనలో ఆయన పుస్తకాలు, సేకరించినవి పోయాయి. అయినా పని మానలేదు.

స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. వాటిని తెలుగువాళ్లు ఏమంటారో అడిగి రాసుకున్నాడు. రాజమండ్రి కొండల్లో ఆయన చూసిన సోమిద చెట్టు పేరే తరువాత సోయ్‌మిడా అనే శాస్త్రీయ నామమైంది. కోరమాండల్ తీరపు మొక్కల గురించి ఆయన రాసిన గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో లండన్‌లో వెలువడింది.

1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్ బాధ్యత ఆయనకు అప్పగించారు. హుగ్లీ ఒడ్డున శిబ్‌పూర్‌లో మనం పిక్నిక్‌కు వెళ్లే తోట అదే. దూరదేశాల నుంచి మొక్కలు నెలల తరబడి ఓడల్లో వచ్చేవి. మహాగని ఇక్కడ బాగా కుదురుకుంది. జాజికాయ, లవంగం, మాంగోస్టీన్‌లకు మాత్రం బెంగాల్ వాతావరణం పడలేదు. అది ఆ మొక్కల తప్పు కాదు, తోటమాలుల తప్పూ కాదు. ఏ మొక్క ఎక్కడ బతుకుతుందో నాటి చూస్తేనే తెలిసేది.

కలకత్తా చుట్టుపక్కల నిలవ నీళ్లలో తేలే ఒక చిన్న మొక్కను కూడా రాక్స్‌బర్గ్ వర్ణించాడు. దానిపేరు ఆల్డ్రోవాండా. వేళ్లుండవు. ఆకులు బుల్లి బోనుల్లా మూసుకొని నీటిపురుగులను పట్టేస్తాయి. చాలాకాలం తరువాత, 1875లో కీటకాహార మొక్కలపై రాసిన పుస్తకంలో డార్విన్ దీని గురించి కూడా వివరించాడు.

ఆ మొక్క గురించి చదివిన ముచ్చటతో నేనూ నర్సరీ నుంచి పిచ్చర్ ప్లాంట్ కొని తెచ్చాను. ఏప్రిల్ నెల. తెచ్చిన రోజే బాల్కనీలో ఎండకు పెట్టాను. నాలుగు రోజుల్లో ఆకులు మాడాయి, కూజాలన్నీ ఎండిపోయాయి. నర్సరీలో అది నీడవల కింద, తేమగాలిలో పెరిగిందన్న సంగతి నాకు తట్టలేదు. వెంటనే నీడలోకి మార్చాను. కుళాయి నీళ్లు మాని వాననీళ్లు పోశాను. ఎరువు వేయలేదు, ఎందుకంటే పోషకాలు తక్కువగా ఉన్న నేలకు అలవాటుపడిన జాతి అది. వారం తరువాత పొద్దుటి ఎండ అరగంట చూపించాను. రెండు మూడు రోజులకొకసారి కాస్త పెంచుతూ పోయాను. ఎండిన కూజాలు మళ్లీ పచ్చబడలేదు. కానీ కొత్త ఆకు వచ్చింది, దాని కొసన చిన్న కూజా కట్టింది. ఆ ఆకు ఈ ఊరి గాలిలో పుట్టింది కదా, ఇక్కడి ఎండను తట్టుకుంది.

రాక్స్‌బర్గ్ ఆరోగ్యం చెడి 1813లో కలకత్తా విడిచాడు. దారిలో సెయింట్ హెలెనా దీవిలో ఆగినప్పుడు కూడా అక్కడి మొక్కల జాబితా రాశాడు. 1814లో అచ్చయిన కలకత్తా తోట జాబితాలో సుమారు 3,500 రకాల మొక్కలున్నాయి. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో కన్నుమూశాడు.

ఈసారి శిబ్‌పూర్ వెళ్తే మర్రిచెట్టుతో పాటు నది ఒడ్డున ఆయన పేరున్న ఇంటినీ చూడండి. అలాగే, మీ తరగతిలో కొత్తగా చేరి ఎవరితోనూ మాట్లాడని పిల్లవాడుంటే తొందరపెట్టకండి. పక్కన కాస్త చోటివ్వండి. కొత్త ఆకు రావడానికి కొన్నాళ్లు పడుతుంది.