తోలుపనికి శాస్త్రపీఠం వేసిన నాయుడమ్మ

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల మెట్టభూములలో వర్షాకాలం వెనుకబట్టువేళ తంగేడు విరగబూస్తుంది. ఆ పువ్వు బతుకమ్మకు అలంకారమైనది. ఆ చెట్టు పట్ట మాత్రం తరతరాలుగా తెలంగాణ పల్లెలలోని లందలకు చేరినది. సున్నపునీటిలో నానవేసి వెండ్రుకలు తీసిన పచ్చితోలును పట్టనీటిలో ఊరవేసి, మోటలకు, చెప్పులకు పనికివచ్చునట్లు చేసిన చర్మకారునికి ఊరంతయు ఋణపడినది. అయినను ఊరు అతనిని వెలివాడలోనే ఉంచినది. అతని పనిలో దాగియున్న రసాయన శాస్త్రాన్ని శోధించి, ఆ పనికి విద్వల్లోకంలో గౌరవం కలిగించిన తెలుగు శాస్త్రజ్ఞుడు డాక్టర్ యలవర్తి నాయుడమ్మ.

ఆయన 1922 సెప్టెంబరు 10వ తేదీన గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలోని యలవర్రు గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించినారు. గుంటూరులో చదువుకొని, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొని, మద్రాసులో తోళ్ళ సాంకేతిక విద్యకు పూనుకొన్నారు. అగ్రవర్ణాలవారు తోలును ముట్టుటకే జంకిన ఆ రోజులలో, చదువుకొన్న రైతుబిడ్డ దానినే జీవితవృత్తిగా స్వీకరించుట సామాన్య విషయం కాదు. పిమ్మట ఇంగ్లండులోను, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలోను ఉన్నతవిద్య నభ్యసించి డాక్టరేటు పొందినారు. స్వదేశానికి తిరిగివచ్చి, 1948లో మద్రాసులో వెలసిన కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ సేవలో చేరి, నలుబది ఏండ్లు నిండక మునుపే, 1958లో, దానికి సంచాలకులైనారు.

పచ్చితోలులోని ముఖ్యద్రవ్యం కొల్లాజెన్ అను మాంసకృత్తు. అది వేలకొలది చిన్న అణువులు గొలుసులుగా కూడి ఏర్పడిన బృహదణువు. మూడేసి గొలుసులు త్రాడువలె పెనవేసికొని యుండునని, ఆ సంస్థకు పొరుగుననే గల మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కార్తా 1954లో ప్రతిపాదించినారు. ఈ పేనిక వేడికి ఓర్వలేదు. తడిసిన పచ్చితోలును 60, 65 సెంటీగ్రేడు డిగ్రీలకు కాచినచో, పురి విడిపోయి, తోలు ఒక్కసారిగా ముడుచుకొనిపోతుంది. పట్టనీటిలో ఊరిన తోలు అంతకంటె హెచ్చు వేడికి నిలుస్తుంది. క్రోమియం లవణాలతో పదునుచేసిన తోలు మరుగునీటికి సైతం చెక్కుచెదరదు. పదును ద్రవ్యం ఆ గొలుసుల నడుమ వంతెనలు వేసి వాటిని కట్టివేయుటయే ఇందుకు కారణం. వేడికి తోలు ముడుచుకొను ఈ ధర్మం నాయుడమ్మ శ్రద్ధగా పరిశీలించిన విషయాలలో ఒకటి. ముడుచుకొను ఉష్ణోగ్రతను కొలిచినచో, పదును ఎంత గట్టిగా పట్టినదో తెలియగలదు. లందలో చేతితో తడిమి పనివాడు గ్రహించినదానిని ప్రయోగశాలలో ఉష్ణమాపకం అంకెలలో చెప్పినది.

తంగేడుపట్ట చాలక, ఆఫ్రికా నుండి వాటిల్ అను తుమ్మజాతి చెట్టు పట్టను, దాని సారాన్ని దిగుమతి చేసుకొనవలసిన స్థితి ఆనాటి పరిశ్రమది. ఇందుకు ప్రత్యామ్నాయంగా దేశీయమైన పట్టలపైన, కృత్రిమ పదును ద్రవ్యాలపైన సంస్థలో పరిశోధనలు సాగినవి. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలయికతో గట్టిపడు బేకలైట్ రెజిన్ పుట్టిన విషయం విద్యార్థు లెరిగినదే. ఆ చర్యనే హద్దులో నిలిపి, నీటిలో కరుగు గుణం కల్పించినచో, తోలులోనికి చొచ్చుకొనిపోగల పదును ద్రవ్యం లభిస్తుంది. స్విచ్చుకు, చెప్పుకు చుట్టరికం ఇట్లు కలిసినది.

అయితే నాయుడమ్మ దృష్టి ప్రయోగశాల గోడల మధ్య ఆగిపోలేదు. మన దేశం ముడితోళ్ళను, సగం పదునైన తోళ్ళను చౌకగా విదేశాలకు పంపుచుండగా, వాటిని మెరుగుపెట్టి వస్తువులుగా మలచిన లాభం పరదేశాలకు దక్కుచుండెను. ఆ లాభం, ఆ పనిదినాలు మన కార్మికులకే దక్కవలెనని ఆయన పట్టుదల. సీతారామయ్య సంఘం 1972లో ఈ సమస్యను విచారించినది. 1973లో ప్రభుత్వం ముడితోళ్ళ ఎగుమతిని నిషేధించినది. పూర్తిగా తయారైన తోలు, పాదరక్షలు క్రమంగా మన ఎగుమతులలో ముందుకు వచ్చినవి.

1971లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఆ సంవత్సరమే శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి ప్రధాన సంచాలకులై, 1977 వరకు ఆ పదవి నిర్వహించినారు. ఆ కాలంలో కామారెడ్డికి తూర్పు పొరుగున గల కరీంనగర్ జిల్లాను మండలి దత్తత తీసుకొనినది. పల్లెలో దొరకు ముడిసరకును, పల్లెవాని చేతి నేర్పును ఆధారంగా చేసికొని, ప్రయోగశాలల విద్యను అక్కడికి చేర్చవలెనని ఆయన సంకల్పం. 1981, 82లలో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసినారు.

1985 జూన్ 23న కెనడా నుండి వచ్చుచున్న కనిష్క విమానం ఐర్లండు తీరం చెంత సముద్రంపై బాంబు ప్రేలుడుకు గురియైనది. అందులో అసువులు బాసిన 329 మందిలో ఆయనయు ఒకరు.

ఆయన కోరినదంతయు నెరవేరినదని చెప్పరాదు. విద్యుత్తు పంపులు వచ్చి మోటలు, ప్లాస్టిక్ చెప్పులు వచ్చి లందలు మూలబడినవి. క్రోమియం కలిసిన మురుగునీరు పాలారు లోయలోని నేలకు, నీటికి కీడు చేయగా, 1996లో సుప్రీంకోర్టు కలుగజేసికొనవలసి వచ్చినది. ఆ నీటిని శుద్ధిచేయు మార్గాలను వెదకు బాధ్యత కూడ ఆయన పెంచిన సంస్థపైననే పడినది. అయినను, సంఘం నీచమని తలచిన పనిలో గొప్ప శాస్త్రం దాగియుండవచ్చునని, ఆ శాస్త్రఫలంలో మొదటి భాగం ఆ పని చేయువానికే చెందవలెనని ఆయన జీవితం చాటుచున్నది. రసాయన శాస్త్రపాఠంలో పాలిమర్లను బోధించు ఉపాధ్యాయుడు ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. తరగతి గుమ్మం వద్ద పిల్లలు విడిచిన చెప్పులు చాలును.