గురజాడ అప్పారావుగారి బాల్యము: బాలుర కథగా వ్రాయదగిన రీతి

మన సంఘ వార్షిక మహాసభలకు వెలువడు సంచికలలో కీర్తిశేషులైన పెద్దల చరిత్రములను ప్రకటించు నాచారము కలదు. ఈ యేట మేము మహాకవి గురజాడ వేంకట అప్పారావుగారి చరిత్రమును గైకొంటిమి. వారి కన్యాశుల్క నాటకము నెరుగనివారు మనలో నుండరు. కావున వారి ప్రౌఢజీవితమును క్లుప్తముగా జెప్పి, బాల్యము కడ నెక్కువసేపు నిలువదలచితిమి. ఆ బాల్యమును మన పిల్లలకై యొక చారిత్రక కథగా నెవరైన వ్రాసిన బాగుండునని మా చిరకాలపు కోరిక. అట్టి కథ యెట్లుండవలెనో, యెట్లుండరాదో యిచట విన్నవించుచున్నాము.

అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21వ తేదీన యలమంచిలి చెంత రాయవర గ్రామమున మాతృపక్షమువారి యింట జన్మించిరి. తండ్రి వేంకటరామదాసుగారు, తల్లి కౌసల్యమ్మగారు. తండ్రిగారిది విజయనగర సంస్థానమున రెవిన్యూ కొలువు. కొలువున్న చోటనే కాపురము గనుక పిల్లవాని తొలిచదువు చీపురుపల్లిలో సాగెను. తమ్ముడు శ్యామలరావు. ఇతడును పెరిగి ఇంగ్లీషున కవిత్వము చెప్పెను. మిగిలిన చదువునకు బాలుడు విజయనగరము చేరెను.

కథకు ప్రాణమంతయు నిచటనే యున్నది. విజయనగరమున నీ బాలునకు వసతి లేదు, వ్యయమునకు ధనము లేదు. మహారాజావారి కళాశాల నేలిన చంద్రశేఖరశాస్త్రిగారు తమ యింట నన్నమును, నీడను ఉచితముగా నిచ్చి చదివించిరి. చరిత్రకారు లీ సంగతి నొక్క వాక్యమున ముగించి ముందునకు సాగుదురు. కథకుడు మాత్ర మిచట నాగవలెను. పరుల యింట విస్తరి ముందు గూర్చున్న పిల్లవాడు మారు వడ్డన నడుగుటకు నోరు రాక తల వంచుకొనుట యెట్టిదో మన పెద్దలలో ననేకు లెరుగుదురు. వారములు చెప్పుకొని చదివి గొప్ప యుద్యోగములు చేసినవారు మనలో నెందరు లేరు! ఆ పేదరికమును దాచి, బాలుని పుట్టుకతోనే మహాకవిగా నిలిపిన కథ మన పిల్లల కక్కరకు రాదు.

ఆ బడిలోనే మరియొక బాలుడు గలడు. అతడు గిడుగు రామమూర్తి. 1863 ఆగష్టు 29వ తేదీన శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో జననము. 1875లో తండ్రి గతింపగా బంధువుల యింట నుండి చదువుకొనుటకు విజయనగరము వచ్చెను. ఇరువురు నొక్క బడిలో జదివిరి. వీరిలో నొకడు పిమ్మట వ్యావహారికమున సాటిలేని నాటకము వ్రాసెను. రెండవవాడు సవరలకై వారి భాషకు వ్యాకరణమును, నిఘంటువును గూర్చెను. ఇంతకంటె చక్కని జంటను ఏ కథకుడు కల్పింపగలడు?

వారి మాటలను కథకుడు కల్పించుకొనవచ్చును. అంతమాత్రపు స్వేచ్ఛ లేనిదే కథ నడువదు. కాని వారు చేయని పనులు చేసినట్లు వ్రాయరాదు. పండ్రెండేండ్ల బాలురచేత భాషను సంస్కరింతుమని శపథము చేయించుట యసంగతము. యేట్సు దొర పాఠశాలల పరీక్షాధికారిగా నీ ప్రాంతమునకు వచ్చి యా చర్చకు దారి తీసినది 1906లో. నాటికి వీరిరువురును నలుబది దాటినవారు. అట్లే బాలుని రైలెక్కించి విజయనగరము దింపరాదు. తూర్పుతీరపు రైలుమార్గము 1893 తరువాతిది. ఎడ్లబండియే గతి. బండి దిగిన పిదప కోట యున్నది, అయ్యకోనేరు గలదు, పిమ్మట నాటకమున కెక్కిన బొంకులదిబ్బ యున్నది.

ఇక క్లిష్టమైన సంగతి. ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన బ్రాహ్మణుల శుల్కవివాహముల పట్టీ నొకదానిని తయారు చేయించిరి. అందలి లెక్కను అప్పారావుగారు కన్యాశుల్కపు తొలి పీఠికలో దెలిపిరి. మొత్తము 1,034 వివాహములు. వధువులలో ఐదేండ్లవారు 99, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది శిశువులు 3. ఆ శిశువుల వెల 350 మొదలు 400 రూపాయలు. 1884లో అప్పారావుగారు బడిపంతులుగా జేరినపుడు జీతము నెలకు 25 రూపాయలు. అనగా నేడాది శిశువు వెల పంతులుగారి యేడాది జీతమును మించినది.

ఈ పట్టీ వారి బాల్యమునకు దరువాతిదే గాని యాచార మంతకు ముందునుండి యున్నదే. చీపురుపల్లి వీథిలో బాలునితో నాడుకొన్న యొక బాలిక హఠాత్తుగా ఆటకు రాకుండుట, ఆమె యేమైనదని పిల్లవా డడుగుట, పెద్దలు మాట మార్చుట, ఇది కల్పనయైనను కాలమునకు విరుద్ధము కాదు. పిల్లల పుస్తకమున నీ సంగతు లేల యని మనవారిలో గొందరందురు. ఆ యిండ్లు పరాయివి కావు, మన పూర్వుల యిండ్లే. అందుచేతనే చెప్పవలెనని మా యభిప్రాయము. ఆ శిశువుల వయస్సు వినదగనిదైనచో వారిని పీటలమీద గూర్చుండబెట్టిన మన పెద్దల మాట యేమి?

తరువాతి కథ లోకవిదితము. 1882లో మెట్రిక్యులేషను, 1886లో బి.ఏ., పిదప కళాశాలలో నుపన్యాసక పదవి. సారంగధర కథను ఇంగ్లీషు పద్యముగా వ్రాయగా, కలకత్తా పత్రికాధిపతి శంభుచంద్ర ముఖర్జీగారు మెచ్చి మాతృభాషలో వ్రాయుమని హితవు చెప్పిరి. కన్యాశుల్కము 1892లో ప్రదర్శితమై, 1897లో నచ్చుపడి, 1909లో మిగుల పెరిగి మరల వెలువడెను. 1910లో దిద్దుబాటు కథ వచ్చెను. లవణరాజు కల యను గేయమున మాలకన్యను రాజు చేపట్టినట్లు వ్రాసి కులభేదములను నిరసించిరి. కులసంఘపు సంచికలో నీ ముక్క చెప్పుట మాకు గొంత యిబ్బందియే, అయినను విడువజాలము. 1914లో విశ్వవిద్యాలయమునకు గ్రాంథిక నిర్బంధముపై నసమ్మతి పత్రమును సమర్పించి, 1915 నవంబరు 30వ తేదీన విజయనగరమున గతించిరి. రామమూర్తిగారు 1940 వరకు నుండి యా వాదమును నడిపిరి.

పిల్లల కథకు మాత్ర మింత దూరము పోనక్కరలేదు. మెట్రిక్యులేషను ముగిసిన 1882తో నాగిన జాలును. పేరు ఇంకను రాలేదు. మరియొక మాట: ఈ సంచిక యాచారమును బట్టి మేమిట్లు గ్రాంథికమున వ్రాసితిమి గాని, ఆ కథ నీ భాషలో వ్రాసినవారిని అప్పారావుగారు క్షమింపరు. చీపురుపల్లి, పర్వతాలపేటల పిల్లలు ఇంట మాటలాడు తెలుగులోనే వ్రాయవలెను. పూనుకొను రచయితలకు గ్రంథముద్రణ వ్యయమును సమకూర్చుటకు మన పోషకులు ముందునకు రావలెనని ప్రార్థించుచున్నాము.