ఎఫ్.ఎం. అలెగ్జాండర్

ఫ్రెడరిక్ మథయస్ అలెగ్జాండర్ (జనవరి 20, 1869 – అక్టోబరు 10, 1955) ఆస్ట్రేలియాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన రంగస్థల పఠకుడు, శిక్షకుడు. తల, మెడ, వీపుల మధ్య గల సంబంధం శరీరపు కదలికలన్నిటినీ ప్రభావితం చేస్తుందని భావించి, దాని ఆధారంగా ఒక శిక్షణా పద్ధతిని రూపొందించాడు. అది ఇతని పేరు మీదనే అలెగ్జాండర్ టెక్నిక్‌గా ప్రసిద్ధి చెందింది. ఇతడు వైద్యుడు కాడు, శరీరశాస్త్రం అభ్యసించినవాడూ కాడు. ఇతనికి లభించిన ఆదరణకూ, ఎదురైన విమర్శకూ కూడా ఈ విషయమే చాలావరకు కారణం.

బాల్యం, వృత్తి

టాస్మేనియా ద్వీపపు ఉత్తర తీరంలోని వైన్యార్డ్ సమీపంలో నెలలు నిండకుండానే జన్మించాడు. చిన్నతనంలో శ్వాసకోశ వ్యాధులతో బాధపడ్డాడు. యుక్తవయసులో వారటా అనే ఊరిలోని తగరపు గనుల కంపెనీలో గుమాస్తాగా పనిచేసి, 1889లో మెల్‌బోర్న్ చేరుకున్నాడు. నాటక భాగాలను, కవితలను వేదికపై ఏకపాత్రగా పఠించడం అక్కడ వృత్తిగా స్వీకరించాడు. అది మైకులు లేని కాలం. చివరి వరుస ప్రేక్షకునికి కూడా వినిపించేలా చదవవలసి వచ్చేది.

గొంతు సమస్య - అద్దాల ముందు పరిశీలన

కొంతకాలానికి ప్రదర్శన మధ్యలోనే గొంతు బొంగురుపోవడం మొదలైంది. వైద్యుల సలహాపై విశ్రాంతి తీసుకుంటే తగ్గేది, వేదిక ఎక్కితే తిరిగి వచ్చేది. మామూలుగా మాట్లాడేటప్పుడు రాని బాధ పఠించేటప్పుడే వస్తున్నదంటే, పఠించేటప్పుడు తాను చేస్తున్న పని ఏదో దానికి కారణమై ఉండాలని అలెగ్జాండర్ ఊహించాడు. అద్దం ముందు నిలబడి తనను తాను గమనించాడు. చదవడం మొదలుపెట్టగానే తలను వెనక్కి లాగడం, స్వరపేటికను కిందికి నొక్కడం, నోటితో చప్పుడుగా గాలి పీల్చడం కనిపించాయి. మామూలు మాటల్లో కూడా ఇవే ఉన్నాయి గాని, తక్కువ స్థాయిలో.

తలను ముందుకు ఉంచితే సరిపోతుందనుకున్నాడు. అలాగే ఉంచుతున్నానని అనుకుంటూ మరిన్ని అద్దాలు అమర్చి చూసుకుంటే, తల ఇంకా వెనక్కే పోతున్నది. ఇతని పరిశీలనలన్నిటిలో ముఖ్యమైనది ఇదే. శరీరం ఏ భంగిమలో ఉన్నదో మనకు కలిగే అనుభూతి, అలవాటు వల్ల తప్పుదోవ పట్టవచ్చునని గ్రహించాడు. అందువల్ల సరైన కదలిక చేయడానికి ప్రయత్నించే ముందు, పాత అలవాటు ప్రకారం వెంటనే స్పందించకుండా ఆగడం నేర్చుకోవాలన్నాడు. ఈ వృత్తాంతమంతా చాలా ఏళ్ళ తరువాత, 1932లో వెలువడిన ది యూజ్ ఆఫ్ ద సెల్ఫ్ పుస్తకంలో ఇతడే వ్రాసినది. కనుక దీనిని స్వీయకథనంగానే గ్రహించాలి.

లండన్ జీవితం

1904లో లండన్ చేరి, మొదట నటులకు, తరువాత ఇతరులకు శిక్షణ ఇచ్చాడు. మాటలతో చెప్పడం కన్నా, శిష్యుడు కుర్చీలోంచి లేస్తూ కూర్చుంటూ ఉండగా మెడ మీద, వీపు మీద చేతులు ఆనించి నేర్పడం ఇతని విధానం. బెర్నార్డ్ షా, ఆల్డస్ హక్స్‌లీ, అమెరికన్ తత్త్వవేత్త జాన్ డ్యూయీ ఇతని శిష్యులు. ఇతని మూడు పుస్తకాలకు డ్యూయీ ముందుమాటలు వ్రాశాడు. 1931లో శిక్షకులను తయారుచేసే తరగతి ప్రారంభమైంది. 1910లో వచ్చిన మొదటి పుస్తకంలో ఐరోపాయేతర జాతులను కించపరిచే వ్యాఖ్యలు ఉన్నాయి. అభిమానులు వ్రాసిన జీవిత చరిత్రలలో ఇది తరచు దాటవేయబడుతుంది.

పరువునష్టం దావా

1944లో దక్షిణాఫ్రికాలోని ఒక ప్రభుత్వ పత్రికలో ఎర్నెస్ట్ యోక్ల్ అనే వైద్యుడు ఈ పద్ధతిని నాటువైద్యపు మోసంగా విమర్శించాడు. అలెగ్జాండర్ దావా వేశాడు. 1947 డిసెంబరులో పక్షవాతం వచ్చినా కోలుకుని తిరిగి పాఠాలు చెప్పాడు. 1948లో జోహన్నెస్‌బర్గ్ న్యాయస్థానం ఇతనికి అనుకూలంగా తీర్పునిచ్చి 1000 పౌండ్ల పరిహారం మంజూరు చేసింది. 1949లో ప్రతివాదుల అప్పీలు కూడా వీగిపోయింది. 1955లో లండన్‌లో మరణించే వరకు ఇతడు బోధన కొనసాగించాడు.

తరువాతి పరిశోధనలు

1973లో నోబెల్ బహుమతి అందుకున్న జంతుప్రవర్తన శాస్త్రవేత్త నికో టిన్‌బెర్గెన్ తన ఉపన్యాసంలో పెద్ద భాగం అలెగ్జాండర్‌కు కేటాయించడం శాస్త్రజ్ఞులలో ఆశ్చర్యం కలిగించింది.

దీర్ఘకాలిక మెడనొప్పిపై ఫిజియోథెరపీ రంగంలో జరిగిన పరిశోధనలు అలెగ్జాండర్‌తో సంబంధం లేకుండా వెలువడ్డాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో గ్వెండొలిన్ జల్ బృందం చేసిన కృషి వీటిలో ముఖ్యమైనది. ఇటువంటి రోగులలో పలువురికి, మెడ ఎముకల ముందువైపు లోతుగా ఉండే కండరాలు తగినంత పనిచేయవు. చెవి వెనుక నుండి రొమ్ము ఎముక దాకా సాగే పై కండరం అవసరానికి మించి బిగుసుకుంటుంది. కళ్ళు మూసుకుని తల పక్కకు తిప్పి తిరిగి యథాస్థానానికి తెమ్మంటే, వీరు ఆరోగ్యవంతుల కన్నా ఎక్కువగా గురి తప్పుతారని కూడా తేలింది. అద్దంలో అలెగ్జాండర్ చూసినదానికి ఇది దగ్గరగానే ఉన్నా, తల-మెడ సంబంధమే దేహం మొత్తాన్ని శాసిస్తుందన్న అతని సిద్ధాంతాన్ని ఇది నిరూపించదు.

2015లో బ్రిటన్ పరిశోధకులు దీర్ఘకాలిక మెడనొప్పి గల 517 మందిపై జరిపిన అధ్యయన ఫలితాలు ప్రచురించారు. మామూలు చికిత్సకు తోడు 20 వరకు అలెగ్జాండర్ పాఠాలు పొందినవారిలో, మామూలు చికిత్స మాత్రమే పొందినవారి కంటే 12 నెలల తరువాత నొప్పి, దానివల్ల కలిగే ఇబ్బంది తక్కువగా ఉన్నాయి. ఆక్యుపంక్చర్ పొందినవారిలోనూ దాదాపు అంతే మేలు కనిపించింది. అయితే తాము ఏ చికిత్స పొందుతున్నదీ రోగులకు తెలుసు కనుక, ఆ ఫలితంలో పద్ధతి వాటా ఎంత, శిక్షకుని శ్రద్ధ వాటా ఎంత అన్నది ఆ అధ్యయనం విడదీసి చూపలేదు.