ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పసుపువన్నె మందు

ఇల్లందు గనివాడలోనైనను, భద్రాచలపు మన్యములోనైనను, న్యుమోనియా రోగికి వైద్యుడు డాక్సీసైక్లిన్ బిళ్ళ నిచ్చినచో నేడెవ్వరును ఆశ్చర్యపడరు. ఆ బిళ్ళకు పూర్వజమైన మందు ఒక తెలుగువాని పర్యవేక్షణమున వెలువడినదని ఎరిగినవారు మాత్రము అరుదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. సోదరుని సంగ్రహణి బలిగొనెను. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందులకు ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే తృప్తిపడవలసివచ్చినది. 1923లో అమెరికా చేరిరి. ఇంట విడిచివచ్చిన ఇల్లాలిని మరల చూడనేలేదు. బోస్టను ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్ట పోసికొనిరి. హార్వర్డులో ఫిస్కే ఆచార్యునితో కూడి 1929లో, జీవకణమునకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని వెల్లడించిరి. అయినను ఆ విశ్వవిద్యాలయము వారికి స్థిరమైన పదవి నీయలేదు.

1940లో లెడర్లీ సంస్థలో చేరి, పిదప పరిశోధనాధ్యక్షులైరి. సంగ్రహణికి పనికివచ్చు ఫోలికామ్లము అచటనే 1945లో కృత్రిమముగా తయారైనది. ఉద్యోగవిరమణ చేసిన వృక్షశాస్త్రజ్ఞుడు డుగ్గరును వారి శాఖలోనే నియమించిరి. ఆ వృద్ధుడు మిస్సోరీ మట్టిలో పసుపువన్నె సూక్ష్మజీవి నొకదానిని పట్టెను. 1948లో ఆరియోమైసిన్ లోకమునకు తెలిసినది. పెన్సిలిన్ ప్రధానముగా సూదిమందైన దినములవి, ఇదియో, మ్రింగదగినది! పెన్సిలిన్‌కు లొంగని అంటు న్యుమోనియా సైతము దీనికి లొంగెను. ఆ జబ్బు వైరసు వలన వచ్చునని నాటి వైద్యుల నమ్మకము. కనుక వైరసుకే బిళ్ళ దొరకినదని సంబరపడినవారు కలరు. మైకోప్లాస్మా అను సూక్ష్మజీవి అందులకు కారణమని 1960 తరువాతగాని తేలలేదు. నిజమైన వైరసగు ఇన్‌ఫ్లుయెంజాపై ఆ మందు పనిచేయదు. సుబ్బారావుగారు వైరసు మందు కనుగొనిరని చెప్పుకొనుట మనకు ఇంపుగా నుండవచ్చునుగాని, అది సత్యము కాదు.

ఆ 1948 ఆగస్టులోనే, 53వ ఏట, నిద్రలో కన్నుమూసిరి.

2021 డిసెంబరులో మన దేశమున కోవిడ్‌కు అత్యవసర అనుమతి పొందిన మోల్నుపిరావిర్ బిళ్ళ, కణములో ప్రవేశించి మూడు ఫాస్ఫేట్లను చేర్చుకొన్న పిమ్మటగాని వైరసు నకళ్లను చెడగొట్టలేదు. ఆ ఫాస్ఫేట్లను కణములో ముఖ్యముగా అందించునది, పదవి దొరకని ఆ హార్వర్డు దినములలో వారు వేరుచేసి చూపిన ఏ.టి.పి.యే.