నాలుగక్షరాల వడ్రంగి

ఫ్రెంచి వాళ్ళ పాత సామాను గురించి ఎక్కడ చదివినా పదిహేనో లూయీ బల్ల, పదిహేనో లూయీ కుర్చీ అనే ఉంటుంది. రాజుగారు ఎప్పుడైనా చిత్రిక పట్టారా? పట్టినాయన గురించి రాద్దామని నాకు అనిపించింది. ఆయన పేరు బెర్నార్ వాన్ రిజన్‌బర్గ్.

1696 ప్రాంతంలో పుట్టాడు. తండ్రిదీ అదే పేరు, అదే వృత్తి. హాలెండు నుంచి ప్యారిస్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. 1730 నాటికే కొడుకు కూడా వడ్రంగుల సంఘంలో మేస్త్రీ అయ్యాడు.

అప్పట్లో ప్యారిస్ గొప్పింటివాళ్ళకి చైనా, జపాన్ లక్కపని అంటే పిచ్చి. లక్క అన్నానని మన ఏటికొప్పాక బొమ్మల లక్క అనుకోకండి. మనది పురుగు ఇచ్చేది, అది చెట్టు పాలు. ఆ పాలు ఐరోపాలో దొరకవు. అందుకని ఓడల్లో వచ్చిన పెట్టెల్నీ, తెరల్నీ కోసి వాడుకునేవారు. చైనా తెరలు మన తీరం రేవుల మీదుగా వెళ్ళేవి కాబట్టి వాటికి కోరమాండల్ లక్క అనే పేరు పడింది. ఇక్కడ ఒక్కటీ తయారవలేదు, పేరు మాత్రం మనది!

బెర్నార్ నేర్పంతా ఇక్కడే ఉంది. పెట్టె పలకని వెనక వైపు నుంచి చెక్కుకుంటూ పోయి, బొమ్మలున్న పల్చటి పొర మాత్రం మిగిల్చేవాడు. దాన్ని నెమ్మదిగా వంచి, పొట్ట ఉబ్బినట్టుండే సొరుగుల బల్లకి అతికించాలి. చెయ్యి తొణికితే పొర పెళ్ళున విరుగుతుంది, ఇంకోటి కావాలంటే జపాన్ నుంచి రావాలి. అతుకులు కనపడకుండా పైన బంగారు పూత పూసిన కంచు తీగలు బిగించేవాడు.

1737లో రాణి మరీ లెష్చిన్‌స్కా గదికి అలాంటి బల్ల ఒకటి వెళ్ళింది. ఇప్పుడది లూవ్ర్ మ్యూజియంలో ఉంది. రాజభవనం లెక్కల్లో మాత్రం దాన్ని అమ్మిన ఎబేర్ అనే వర్తకుడి పేరే ఎక్కింది. కొనేవాళ్ళు నేరుగా పనివాడి దగ్గరికి పోతే వర్తకుడికి లాభం ఏముంటుంది? బెర్నార్ జీవితమంతా ఇలాగే నడిచింది. నాకైతే ఇది అన్యాయమనే అనిపిస్తుంది.

1764లో దుకాణం కొడుక్కి అమ్మేశాడు. రెండేళ్ళకి అటూ ఇటూగా పోయాడు.

సామాను మీద ఆయన కొట్టిన ముద్ర బి.వి.ఆర్.బి. అనే నాలుగు అక్షరాలే. ఆ అక్షరాలు ఎవరివో తెలియకుండానే కోటీశ్వరులు ఆ బల్లల్ని కొన్నారు, మ్యూజియాలు దాచుకున్నాయి. 1957లో గానీ ఆ నాలుగు అక్షరాల వెనక ఉన్న పేరు బయటపడలేదు. ఆ ముద్రైనా చాలా బల్లలకి పైనున్న చలువరాయి ఎత్తితేనే కనపడుతుంది.